మీకు తెలుసా? కాళ్ల కింద కోట్ల ముడులు!

ఒక్క తివాచీ. ఒకే ఒక్కటి. పరిస్తే ఎకరం ముప్పైతొమ్మిది సెంట్లు! నమ్మలేకపోతున్నారు కదూ? అబుధాబీలోని షేక్ జాయెద్ మసీదులో ఉంది అది. ప్రధాన ప్రార్థనా మందిరం నేలంతా ఆ గోడ నుంచి ఈ గోడ దాకా పరుచుకుని ఉంది. విస్తీర్ణం 5,627 చదరపు మీటర్లు! యంత్రం నేసింది కాదు సుమా. ప్రతి ముడీ చేతి వేళ్లతో వేసిందే!

అందులో ముడులెన్నో ఊహించండి. లక్షలా? కాదు. కోటా? ఊహూఁ! 226 కోట్ల 80 లక్షలు! దాదాపు 1,200 మంది ఇరాన్ నేతకారులు కూర్చుని వేశారు. సరే, ఆ పని ఒక్కరికే అప్పజెప్పాం అనుకోండి. రోజుకు 8,000 ముడులు. ఆదివారం లేదు, పండగ లేదు. ఎన్నేళ్లు పడుతుంది? 776 ఏళ్లు! మసీదు తలుపులు తెరిచింది 2007లో. అప్పటికి పూర్తి కావాలంటే ఆ ఒక్క మనిషీ మన ఓరుగల్లులో కాకతీయ గణపతిదేవుడు ఏలుతున్న రోజుల్లోనే మగ్గం ఎక్కి ఉండాలి!

ఇంత పెద్దది ఇరాన్ నుంచి ఎలా వచ్చింది? ముక్కలుగా! 9 ముక్కలు విమానాల్లో వచ్చాయి. మందిరంలోనే వాటిని కలిపి కుట్టారు. నక్షా గీసిన కళాకారుడు అలీ ఖాలిఖీ. అతుకు ఎక్కడుందో వెతకండి, దొరకదు!

ఇంకో రహస్యం. నమాజుకు వరసలో నిలబడాలి కదా? గీతలు గీస్తే నక్షా పాడవుతుంది. మరేం చేశారు? తివాచీ మీద ఊలునే కాస్త ఎత్తుపల్లాలుగా కత్తిరించారు! దూరానికి కనిపించదు. పాదానికి తెలుస్తుంది. 35 టన్నుల తివాచీలో అంత సున్నితమైన పని! నాకైతే ఆ కోట్ల లెక్క కంటే ఈ కత్తిరింపే ఎక్కువ నచ్చింది.

అబుధాబీ కంటే ముందు రికార్డు ఎవరిదో తెలుసా? పక్కనే, మస్కట్‌ది! సుల్తాన్ ఖబూస్ మసీదు తివాచీ బరువు 21 టన్నులు. 170 కోట్ల ముడులు! నాలుగేళ్లు నేశారు. నేసింది ఎవరు? ఇరాన్‌లోని ఖొరాసాన్ ప్రాంతపు ఆడవాళ్లు, 600 మంది! అందులో 28 రంగులున్నాయి. ఎక్కువ భాగం చెట్టూ చేమా నుంచి తీసిన రంగులే!

అసలు ముడి అంటే ఏమిటి? చూడండి, ఇంతే. మగ్గం మీద నిలువుగా పడుగు దారాలు బిగిస్తారు. పక్కపక్కనే ఉన్న రెండు దారాలకు రంగు ఊలు చుడతారు. లాగుతారు. కత్తితో తెంపుతారు. అయిపోయింది! వరస పూర్తయితే అడ్డంగా పేక తోసి, పంజా అనే దువ్వెనలాంటి పనిముట్టుతో దిగ్గొడతారు. మళ్లీ మొదలు. చెయ్యి తిరిగిన మనిషి రోజుకు 6,000 నుంచి 10,000 ముడులు వేస్తారు! మనం చూస్తూ ఉంటే వేళ్లు కనపడవు, ఊలు ఊగడమే కనపడుతుంది.

ఇప్పుడు మీ చిటికెన వేలి గోరు చూసుకోండి. ఇంచుమించు ఆ గోరంత చోటులో 100 ముడులు! టర్కీలోని హెరెకె పట్టు తివాచీల్లో చదరపు సెంటీమీటరుకు ఉండే లెక్క అది. అంటే ఒక్క చదరపు మీటరుకు 10 లక్షలు!

ఆ హెరెకె మగ్గాలు పుట్టిందే సుల్తానుల కొలువు కోసం! ఇస్తాంబుల్‌లో దోల్మాబాచె రాజభవనం ఉంది. దాని దర్బారు హాలుకని హెరెకెలో నేసిన తివాచీ 124 చదరపు మీటర్లు! పైన నాలుగున్నర టన్నుల గాజు షాండ్లియర్. కింద ఈ తివాచీ. చూపు ఎటు తిప్పాలో తోచదు!

మన పార్లమెంటు సంగతి తెలుసా మరి? 2023 మే 28న కొత్త భవనం మొదలైంది. టీవీలో అందరం చూశాం. ఎంపీలను చూశాం. కుర్చీలను చూశాం. నేల చూశామా? రెండు సభల్లోనూ పరిచింది చేతి నేత తివాచీలే! మొత్తం ముడులు 60 కోట్లకు పైనే!

నేసింది ఉత్తరప్రదేశ్‌లోని భదోహి, మీర్జాపూర్ జిల్లాల నేతకారులు. 900 మంది! ఒబీటీ అనే పాత సంస్థ వాళ్లందరినీ కూడగట్టింది. పని గంటలు లెక్కేస్తే 10 లక్షలు! లోక్‌సభ తివాచీలో నెమలి. అది జాతీయ పక్షి కదా! రాజ్యసభ తివాచీలో తామర. అది జాతీయ పుష్పం! రెండు సభల రంగులూ వేరు. ఈసారి సమావేశాలు చూసేటప్పుడు ఒక్క క్షణం కెమెరా కిందికి దిగితే బాగుండు అనిపిస్తుంది నాకు.

అసలు చిక్కు ఇంకోటుంది. సభలేమో అర్ధచంద్రాకారం. మగ్గమేమో నలుచదరం! మగ్గం మీద వంపు నేలకు సరిపడా తివాచీ ఎలా దిగుతుంది? ముక్కలుగా దిగుతుంది! 150కి పైగా తివాచీలు విడివిడిగా నేసి, వంపుకు సరిపోయేలా కలిపి కుట్టారు. ఒక్కో సభకు 17,500 చదరపు అడుగులు! ముక్క మారినా పువ్వు రెక్క తెగకూడదు. రంగు మారకూడదు. రోజూ వందలమంది తొక్కినా చెక్కు చెదరకూడదు!

వంపుల తివాచీ కొత్త సంగతి అనుకుంటున్నారా? మొఘలులు ఎప్పుడో చేశారు! జైపూర్ రాజుల దగ్గర 17వ శతాబ్దపు తివాచీలు కొన్ని ఉండేవి. వాటి అంచులు వింతగా వంపు తిరిగి ఉంటాయి. సింహాసనం చుట్టూనో మరో కట్టడం చుట్టూనో సరిగ్గా అమరేలా కొలిచి నేయించినవి! ఇంకా బాగున్న విషయం చెప్పనా? ఆ సంస్థానం తివాచీల వెనక గుడ్డ చీటీలు కుట్టేవాళ్లు. ఏ రోజు కొట్టుకు వచ్చింది, కొలత ఎంత, అన్నీ రాసి! ఆ చీటీల వల్లే ఈనాడు వాటి వయసు చెప్పగలుగుతున్నాం.

గదికి తగ్గట్టు తివాచీ గీసేవాళ్లు మొదట ఏం చేస్తారో తెలుసా? రంగుల పెట్టె తెరుస్తారు! ఆ పెట్టెలో చిన్న చిన్న ఊలు కుచ్చులు. ఎన్ని? ఈ వ్యాపారంలో బాగా వాడే ఒక పెట్టెలో 1,200! ప్రతి కుచ్చుకూ ఒక నంబరు. న్యూయార్క్‌లో కూర్చున్న డిజైనరు నంబరు చెప్తే చాలు. భదోహిలో అద్దకం పనివాడు అదే కుచ్చు చూసి అదే రంగు దించుతాడు! ఫోన్‌లో ఫొటో పంపితే కుదరదు. తెర మీది రంగు ఒకటి, ఊలు మీది రంగు ఒకటి!

తర్వాత నక్షా. గడుల కాగితం మీద గీస్తారు. 1 గడి అంటే 1 ముడి! ఎర్ర గడి ఉంటే ఎర్ర ముడి. పచ్చ గడి ఉంటే పచ్చ ముడి. పెద్ద తివాచీకి గడులు లక్షల్లో ఉంటాయి! ఇప్పుడు కంప్యూటర్లు గీస్తున్నాయి. ఒకప్పుడు ప్రతి గడినీ కుంచెతో మనిషే నింపేవాడు.

కానీ పాత నక్షాగాళ్లకు ఒక కిటుకు తెలుసు! మధ్యలో పెద్ద పతకం, నాలుగు మూలలా ఒకే పని ఉన్న తివాచీ అనుకోండి. బొమ్మ ఎంత గీయాలి? నాలుగో వంతే! మిగతా మూడు వంతులూ నేతగాడు తిప్పి నేసేస్తాడు. కుడిని ఎడమ చేస్తాడు. కిందను పైన చేస్తాడు. అద్దం లేకుండానే!

కాశ్మీర్‌లో ఇంకా విచిత్రం. మగ్గం ముందు ఎన్ని బొమ్మలుంటాయి? సున్నా! బొమ్మ ఉండదు. పొడవాటి కాగితం మీద గుర్తులుంటాయి. వాటిని తాలీం అంటారు. ఏ రంగు, ఎన్ని ముడులు, అదే అందులో ఉంటుంది. చదివేవాళ్లు చదువుతూ పోతే నేసేవాళ్లు ముడులు వేస్తూ పోతారు. పువ్వు బొమ్మను కళ్లతో చూడకుండానే పువ్వు నేసేస్తారు! గులాబీని చెవులతో విని నేయడం ఎక్కడైనా విన్నారా?

మగ్గం ఎక్కకముందు పరీక్ష కూడా ఉంది! అడుగు, మహా అయితే 2 అడుగుల చిన్న ముక్క నేసి గది ఉన్న ఊరికి పంపిస్తారు. దాన్ని ఆ గది కిటికీ దగ్గర పెట్టి చూస్తారు. రాత్రి దీపం కింద చూస్తారు. చేత్తో నిమిరి చూస్తారు. పనికిరాదంటే మళ్లీ ఇంకో ముక్క! నెలలు పోసి నేసేదానికి ఇక్కడ తొందర పనికిరాదు.

రంగుల వింతలు వేరే ఉన్నాయి! నీలిమందు తొట్టిలో ముంచిన ఊలు బయటికి తీసినప్పుడు ఏ రంగులో ఉంటుంది? నీలం అనుకున్నారా? పచ్చగా ఉంటుంది! గాలి తగలగానే కళ్లముందే నీలంగా మారిపోతుంది. నిమిషాల్లోనే! ఎన్నిసార్లు చూసినా తనివి తీరని దృశ్యం.

ఎరుపుకు మంజిష్ఠ వేరు కావాలి. ఆ వేరులో రంగు బాగా ఊరాలంటే ఎన్నాళ్లు ఆగాలి? దాదాపు 3 ఏళ్లు! తివాచీ నేయడం ఎప్పుడు మొదలైందని అడిగితే, మొక్క నాటిన రోజు నుంచి లెక్క చెప్పాలి.

ఇంకా ముదురు ఎరుపు కావాలా? పురుగు దగ్గరికి వెళ్లాలి! మెక్సికోలో నాగజెముడు మీద బతికే కోచినీల్ అనే పురుగు. అరకిలో కంటే తక్కువ రంగుకే 70,000 పురుగులు కావాలి! అవును, డెబ్బై వేలు!

ఇప్పుడు రాజుల కథలకు రండి. ఫ్రాన్స్ రాజు 14వ లూయీ ఒక గదికి తివాచీలు పురమాయించాడు. గది పారిస్‌లోని లూవ్ర్ రాజభవనంలో ఉంది. అప్పట్లో దాని పొడవు 440 మీటర్లు దాటేది! తివాచీలెన్ని? 93! సావోనరీ అనే రాచ కార్ఖానాలో ఏళ్ల తరబడి నేశారు. ఒక్కోటీ తొమ్మిది మీటర్ల వరకూ పొడవు. ఇంతా చేస్తే ఏమైందో తెలుసా? పని పూర్తయ్యేలోపే రాజు వెర్సాయ్‌కి మకాం మార్చేశాడు! 93 తివాచీలూ ఆ గదిలో వరసగా పరవనేలేదు!

అదే సావోనరీ నేసిన ఇంకో అద్భుతం పారిస్ నోట్రడామ్ చర్చిలో ఉంది. బలిపీఠం ముందు పరిచే తివాచీ. దాదాపు 200 చదరపు మీటర్లు! 2019లో చర్చి తగలబడింది గుర్తుందా? పైకప్పు కూలింది. శిఖరం విరిగింది. తివాచీ మాత్రం దక్కింది!

లాహోర్‌లో లండన్ వాళ్ల చిహ్నం నేశారంటే నమ్ముతారా? రాబర్ట్ బెల్ అనే వ్యాపారి లండన్‌లో నడుంపట్టీలు చేసేవాళ్ల సంఘానికి పెద్ద. తమ సంఘం హాలుకు తివాచీ కావాలని లాహోర్‌కు కబురు పెట్టాడు. ఓడల్లో పని! తివాచీ 1634లో సంఘం చేతికి అందింది. సంఘం చిహ్నం, బెల్ ఇంటి చిహ్నం, చుట్టూ మన పూలు! ఇంకో ఆశ్చర్యం, అది నేల మీద పరవడానికి కాదు. బల్ల మీద! అంత ఖరీదైనదాన్ని తొక్కడానికి వాళ్లకు కాలు రాలేదు. ఈనాటికీ ఆ సంఘం దగ్గరే ఉంది!

విక్టోరియా రాణి తివాచీ ఎక్కడ నేశారో చెప్పుకోండి చూద్దాం. రాజభవనంలోనా? కార్ఖానాలోనా? జైల్లో! ఆగ్రా జైలు ఖైదీలు నేశారు. విండ్సర్ కోటలో వాటర్లూ చాంబర్ అనే విందు హాలుకు. పొడవు 80 అడుగులు, వెడల్పు 40. ఒక్క అతుకు లేదు! బరువు దాదాపు 2 టన్నులు. 1992లో కోటకు నిప్పంటుకుంది. సైనికులు పరుగున వచ్చి దాన్ని చుట్టి మోసుకెళ్లారు! నేసిన ఖైదీల పేర్లు ఆ హాల్లో ఎక్కడా లేవు. ఉండాలి అంటాను నేను.

ఇంగ్లండులో ఇంకో గొప్ప ఆలోచన పుట్టింది. పైకప్పులో ఏ బొమ్మ ఉందో కింద తివాచీలో అదే బొమ్మ! సాల్ట్రమ్ అనే భవనంలో రాబర్ట్ ఆడమ్ అనే వాస్తుశిల్పి అలా గీశాడు. 1770 నాటి సంగతి. యాక్స్‌మిన్‌స్టర్ ఊళ్లో థామస్ విట్టీ కార్ఖానా నేసింది. ఖరీదు 126 పౌండ్లు! గది మధ్యలో నిలబడితే పైనా అదే పని, కిందా అదే పని!

ఆ యాక్స్‌మిన్‌స్టర్ ఊరి ముచ్చట ఒకటి చెప్పాలి. అక్కడ మొదటి తివాచీ 1755లో మగ్గం దిగింది. తర్వాతి రోజుల్లో పెద్ద తివాచీ పూర్తయితే ఊరేగింపే! భుజాల మీద మోసుకుంటూ ప్రార్థనా మందిరానికి తీసుకెళ్లేవాళ్లు. దేవుడికి చూపించాకే దొరకు!

తివాచీలో సంతకం చూశారా ఎప్పుడైనా? లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. ఇరాన్‌లోని అర్దబీల్ దర్గా నుంచి వచ్చిన తివాచీ. ఒక చివర చిన్న గడిలో మఖ్సూద్ కాషానీ అని పేరు నేసి ఉంది! సంవత్సరం కూడా ఉంది. మన లెక్కలో 1539-40. అంటే శ్రీకృష్ణదేవరాయలు పోయి పదేళ్లయింది! అందులో 2 కోట్ల 60 లక్షల ముడులు!

మ్యూజియం దాన్ని 1893లో 2,000 పౌండ్లు పెట్టి కొంది. కొనమని గట్టిగా చెప్పిందెవరో తెలుసా? విలియం మారిస్! గోడకాగితాల డిజైన్లతో పేరుపొందిన ఆయనే. అప్పటికే ఆయన తన ఇంట్లో మగ్గాలు పెట్టి ముడులు వేయడం స్వయంగా నేర్చుకున్నాడు. వేసినవాడికే కదా విలువ తెలిసేది!

మీరు వెళ్తే ఒక జాగ్రత్త. అక్కడ దీపం అస్తమానం వెలగదు! అరగంటకు ఒకసారి, 10 నిమిషాలు మాత్రమే. వెలుతురు తగిలితే రంగులు పోతాయని. ఆ పది నిమిషాల్లోనే చూసేయాలి! ఇంకో సంగతి పట్టుకోండి. మధ్య పతకానికి అటూ ఇటూ రెండు దీపాలు వేలాడుతుంటాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది! పొరపాటా? చిన్నదాని వైపు నుంచి చూస్తే రెండూ సమానంగా కనపడాలనే అలా నేశారని కొందరి వివరణ. అబ్బ, ఎంత ఆలోచన!

అన్నిటికంటే పాత తివాచీ ఎక్కడ దొరికింది? మంచులో! సైబీరియాలోని ఆల్తాయ్ కొండల్లో, ఒక సమాధిలో. లోపలికి చేరిన నీళ్లు గడ్డకట్టి దాన్ని కాపాడాయి. 1949లో రుడెంకో అనే పురావస్తువేత్త బయటికి తీశాడు. వయసు దాదాపు 2,400 ఏళ్లు! అంచు చుట్టూ 28 మంది రౌతులు. లోపల 24 దుప్పులు. రౌతుల కింద గుర్రాల తోకలు ముడివేసి ఉన్నాయి, అది కూడా కనపడుతుంది!

ఆధునిక గదుల కథ ఆడవాళ్ల దగ్గర మొదలవుతుంది. ఐర్లండ్‌లో పుట్టిన ఐలీన్ గ్రే ఉత్తర ఆఫ్రికా వెళ్లి నేత నేర్చుకుంది. 1910లో పారిస్‌లో తివాచీల కార్ఖానా పెట్టింది! పూలు లేవు, తీగలు లేవు. గీతలు, చదరాలు, వలయాలు! తర్వాత సముద్రం ఒడ్డున తానే ఇల్లు గీసుకుని, ఆ ఇంటికీ తివాచీలు తానే గీసింది.

అమెరికా అధ్యక్షుడి గదిలో చదువుకునే తివాచీ ఉండేదని తెలుసా? ఒబామా 2010లో తన ఓవల్ ఆఫీసుకు కొత్త తివాచీ వేయించారు. అంచు చుట్టూ 5 మాటలు! నలుగురు పాత అధ్యక్షులవి, ఒకటి మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్‌ది. గది కోడిగుడ్డు ఆకారం, తివాచీ కూడా అంతే!

నేపాల్ పద్ధతి ఇంకా గమ్మత్తు! ముడి ముడికీ కత్తి పెట్టరు. ఒక ఇనప కడ్డీ చుట్టూ ఊలు చుట్టుకుంటూ పోతారు. వరస పూర్తయ్యాక కడ్డీ వెంట కత్తి లాగితే చాలు, వరసంతా ఒక్కసారే తెగి కుచ్చులవుతుంది! టిబెట్ నుంచి కట్టుబట్టలతో వచ్చినవాళ్లు తెచ్చిన విద్య అది. లలిత్‌పూర్ దగ్గర జావలాఖేల్‌లో 1960లో వాళ్లకో కేంద్రం వెలిసింది. ఆ నేపాల్ మగ్గాల సరుకే ఇప్పుడు ఐరోపా, అమెరికా ఖరీదైన ఇళ్లలో!

ఇక డబ్బు మాట! బరోడా మహారాజు ఖండేరావు గాయక్వాడ్ ఒక తివాచీ చేయించారు. ఊలు కాదు. ముత్యాలు! 15 లక్షలకు పైగా! మధ్యలో వజ్రాలు, కెంపులు, పచ్చలు. మదీనాకు కానుకగా పంపాలనుకున్నారట. 2009లో దోహాలో వేలం వేస్తే దాదాపు 54 లక్షల 60 వేల డాలర్లు పలికింది!

అది ఎక్కువ అనుకుంటే ఇది వినండి. రత్నం లేదు, ముత్యం లేదు. ఉన్నది ఊలే! 17వ శతాబ్దంలో ఇరాన్‌లోని కిర్మాన్‌లో నేసిన తివాచీ, కొడవలి ఆకుల తీగల పనితనం. మంచం వేసే చోటంత ఉంటుంది. 2013లో న్యూయార్క్ వేలంలో ఎంతకు పోయింది? 3 కోట్ల 37 లక్షల డాలర్లు! అప్పటి లెక్కలో దాదాపు 190 కోట్ల రూపాయలు!

కొనేవాళ్లు ఒక్కటి చూడాలి. వెనక వైపు తిప్పండి! చేతి ముడి అయితే వెనక కూడా బొమ్మ స్పష్టంగా కనపడుతుంది. గుడ్డ అతికించి ఉంటే అది తుపాకీలాంటి పరికరంతో ఊలు గుచ్చి, జిగురు పూసినది. తప్పుడు సరుకని కాదు, ధర తేడా ఉండాలి! ఇంకో చీటీ కూడా వెతకండి. పసిపిల్లల చేత నేయించలేదని చెప్పే ముద్ర. కైలాష్ సత్యార్థి చొరవతో 1994లో రగ్‌మార్క్ పేరుతో మొదలైంది. ఇప్పుడు గుడ్‌వీవ్ అంటున్నారు. ఆ చీటీ లేకుండా ఎంత అందమైన తివాచీ అయినా నా మనసు ఒప్పదు!

ఇంటికి కొలత కావాలా? భోజనాల బల్ల కిందికైతే బల్లకు నాలుగు వైపులా 2 అడుగులు అదనంగా ఉండాలి! ఎందుకు? కుర్చీ వెనక్కి లాగినా కాళ్లు తివాచీ మీదే ఉండాలి. అంచు తట్టుకుని అన్నం గిన్నెతో పడిపోకూడదు కదా!

మన ఊళ్ల పేరు ఎక్కడా రాలేదే అనుకుంటున్నారా? వస్తున్నా! 1851లో లండన్‌లో గాజు భవనం కట్టి ప్రపంచ ప్రదర్శన పెట్టారు. అక్కడ మన వరంగల్ తివాచీ కొలువుదీరింది! ఏలూరు తివాచీలు కూడా ఐరోపా దాకా వెళ్లినవే. ఏలూరు తంగెళ్ళమూడి వాళ్లనడగండి, గర్వంగా చెప్తారు. వరంగల్ జంపఖానాలకైతే 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది! కొత్తవాడ వీధుల్లో మగ్గం చప్పుడు ఇప్పటికీ వినిపిస్తుంది. మీ గది కొలతలు పట్టుకెళ్లి అడిగి చూడండి!

చివరిగా, ఎవరూ ఊహించని చోటికి వెళ్లిన దక్కను తివాచీలు ఎక్కడున్నాయో చెప్పనా? జపాన్‌లో! క్యోటో నగరంలో ఏటా గియోన్ పండగ జరుగుతుంది. వీధుల్లో పెద్ద పెద్ద రథాలు ఊరేగుతాయి. కొన్ని రథాల పక్కలకు పాత తివాచీలు వేలాడుతుంటాయి. నిపుణులు పరీక్షించి చూస్తే వాటిలో కొన్ని 17, 18 శతాబ్దాల్లో మన దక్కనులో నేసినవని తేలింది! డచ్చి వర్తకుల ఓడలెక్కి అంత దూరం చేరాయి. జపాన్ వాళ్లు వాటిని నేల మీద పరవలేదు. రథానికి కట్టుకున్నారు! పెద్ద ఊరేగింపు జులై 17న. ఈసారి వీడియో దొరికితే రథం పైకి కాదు, పక్కలకు చూడండి!